ఇల్లు చూసి దెయ్యాన్ని చూడు: గోథిక్ నవల చదివేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో ఓ పల్లె, ఊరికి దూరంగా పాడుబడుతున్న పెద్ద బంగళా, అందులో మిగిలిన నలుగురు మనుషులు, ఐదోది ఇంకేదో ఉందన్న అనుమానం. ఆధునిక గోథిక్ నవలలు చాలావరకు ఈ చట్రంలోనే నడుస్తాయి. మనవాళ్ళలో వీటిని ఆశగా మొదలుపెట్టి సగంలో వదిలేసేవాళ్ళు ఎక్కువ. వదిలెయ్యడానికి చెప్పే కారణాలు కూడా దాదాపు ఎప్పుడూ అవే. ఆ చిక్కులకి జవాబులివి. ఉదాహరణలుగా తీసుకున్న పుస్తకాల ముగింపు ఎక్కడా బయటపెట్టలేదు, నిశ్చింతగా చదవొచ్చు.

గోథిక్ అంటే ఏమిటి? మామూలు దెయ్యాల నవలకీ దీనికీ తేడా ఎక్కడ?

దెయ్యం ఎక్కడికైనా రావచ్చు, రైలు పెట్టెలోకీ హాస్టల్ గదిలోకీ కూడా. గోథిక్‌లో మాత్రం దానికో చిరునామా ఉంటుంది. ఆ ఇల్లు ఎవరి సొమ్ముతో లేచింది, ఎవరికి దక్కాల్సింది ఎవరికి దక్కింది, అందులో ఎవరు చాకిరీ చేశారు అన్న లెక్కల్లో ఎక్కడో ఒక తప్పు దొర్లి ఉంటుంది. భయం అక్కణ్ణించే ఊరుతుంది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మనవాళ్ళు. ఇక్కడ ఇల్లు చూసి దెయ్యాన్ని చూడాలి.

మొట్టమొదటి గోథిక్ నవలగా చెప్పుకునే 'ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' 1764లో, సరిగ్గా క్రిస్మస్ ముందురోజు వచ్చింది. రాసిన హోరేస్ వాల్‌పోల్ తన పేరు దాచి, అదేదో పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని నమ్మబలికాడు. పుస్తకం ఆడాక 1765లో రెండో ముద్రణకి 'గోథిక్ కథ' అని ఉపశీర్షిక తగిలించాడు. కథ మొదట్లోనే పెళ్ళికొడుకు మీద ఏనుగంత ఇనుప శిరస్త్రాణం పడి చచ్చిపోతాడు. అసలు హక్కుదారు ఆ కోటలో పట్టనంత పెద్దవాడైన రోజున ఈ వంశం చేతిలోంచి కోట జారిపోతుందని అప్పటికే ఒక జోస్యం ఉంటుంది. రెండున్నర శతాబ్దాల తరవాత కూడా ఆ ఆస్తి తగువు అలాగే ఉంది. శిరస్త్రాణం పోయి గోడమీద మరక వచ్చింది, అంతే.

ఒకప్పుడు మన వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన క్షుద్రశక్తుల నవలల మీద పెరిగినవాళ్ళకి ఇది మొదట్లో కొరుకుడు పడదు. అక్కడ ఒక మంత్రగాడు ఉంటాడు, అతనికి ప్రయోగం, గడువు, విరుగుడు ఉంటాయి, వారం వారం ఆపేచోట ఒక కుదుపు ఉంటుంది. గోథిక్‌లో విరుగుడు మాట అటుంచి, చాలాసార్లు ప్రయోగం చేసినవాడే కనపడడు.

వంద పేజీలు అయినా దెయ్యం రాలేదు. పుస్తకం పక్కన పెట్టెయ్యాలా?

వద్దు. వచ్చే ఉంటుంది, మీరు కుర్చీలు, కర్టెన్ల వర్ణన అనుకుని దాటేసి ఉంటారు. ఈ నవలల్లో మొదటి మూడోవంతు పరికరాలు సర్దడానికే పోతుంది. ఒక గది తాళం వేసి ఉందని ఒక్క వాక్యంలో చెప్తారు. పనిపిల్ల ఈ ఇంట్లో ఉండలేనంటుంది, దానికి కడుపునొప్పో బెంగో కారణంగా చూపిస్తారు. కుక్క ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఇవి ఏవీ మొదటిసారి భయపెట్టవు. మూడోసారి వచ్చినప్పుడు భయపెడతాయి, అదీ మొదటి రెండుసార్లూ మీకు గుర్తుంటేనే.

కాబట్టి మొదటి 100 పేజీల్లో మూడు రకాల విషయాలు పెన్సిల్‌తో గీతపెట్టండి: ఉండాల్సిన చోట లేని వస్తువు, కారణం వెంటనే దొరికిపోయిన చప్పుడు, ఎవరో మొదలుపెట్టి మధ్యలో మింగేసిన మాట. రెండోది ముఖ్యం. రచయిత అంత తొందరగా కారణం చూపించారంటే దాన్ని మళ్ళీ తీస్తారు.

అయితే 500 పేజీల నవలలో 200 దాటాక కూడా ఒక్క గీతా పడలేదంటే ఆ పుస్తకం నిజంగానే చప్పనిది. ఆపెయ్యడంలో తప్పులేదు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

సూసన్ హిల్ 1983లో రాసిన 'ద ఉమన్ ఇన్ బ్లాక్' తో. 12 అధ్యాయాలు, సుమారు 200 పేజీలు. చనిపోయిన ఒక ముసలావిడ కాగితాలు సర్దడానికి కుర్ర లాయరు లండన్ నుంచి వెళ్తాడు. ఆమె ఇల్లు బురదనేలల మధ్య ఉంటుంది, దానికున్న ఒక్క దారీ సముద్రం పోటెత్తితే మునిగిపోతుంది. కథ తిన్నగా నడుస్తుంది, మనుషులు తక్కువ, ఇల్లు చిన్నది. ఈ జాతి నవలల పనిముట్లన్నీ ఒకచోట దొరుకుతాయి.

రెండోది షర్లీ జాక్సన్ 1959 నాటి 'ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'. ఇది అమెరికా ఇల్లు. 9 అధ్యాయాలే, కానీ ఒక మనిషి మనసులోంచి చెప్పడం వల్ల ఎక్కడ ఇల్లు ఆగి ఎక్కడ ఆ మనసు మొదలైందో తెలియదు. మూడోది సారా వాటర్స్ 2009లో రాసిన 'ద లిటిల్ స్ట్రేంజర్'. దాదాపు 500 పేజీలు, రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొద్దికాలానికి వార్విక్‌షైర్‌లో నడుస్తుంది. మా దృష్టిలో కొత్తవాటిలో గట్టిది ఇదే.

చిన్నది, పైగా ఇంటర్నెట్‌లో ఉచితం అని చాలామంది హెన్రీ జేమ్స్ 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ' తో మొదలుపెట్టి దెబ్బతింటారు. 1898లో పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఈ కథలో వాక్యాలు గొలుసుకట్టు రాతలా సాగుతాయి, క్రియ దొరికేలోపు కర్త మరిచిపోతాం. దాన్ని నాలుగోదిగా పెట్టుకోండి.

ముందుమాట చదవాలా?

ఆఖర్న చదవండి. క్లాసిక్ ముద్రణల్లో ముందుమాట రాసే పండితులు మీరు కథ ఇదివరకే చదివేశారనుకుని ముగింపుతో సహా చెప్పేస్తారు. వెనక అట్ట కూడా పూర్తిగా నమ్మదగింది కాదు, మొదటి రెండు వాక్యాలు చదివి ఆపండి. ఇంటర్నెట్‌లో పాత్ర పేరు వెతికితే పక్కనే సలహాగా 'ఎలా చనిపోయింది' అని వచ్చేస్తుంది, కాబట్టి పుస్తకం పూర్తయ్యేదాకా పేర్లు వెతకొద్దు.

ఇల్లు కళ్ళకి కట్టడం లేదు. గదులన్నీ కలగాపులగం అవుతున్నాయి.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, తప్పు మీ ఇంగ్లీషుది కాదు. మన మండువా లోగిలిలో మధ్యన నిలబడితే నాలుగు వైపుల గదులూ కనిపిస్తాయి. వంటింట్లో గిన్నె పడితే చావిట్లో తెలుస్తుంది, ఎవరు ఎటు వెళ్ళారో అందరికీ ఎరికే. ఇంగ్లీషు పెద్దబంగళా కట్టిందే దీనికి తలకిందులుగా. పనివాళ్ళు యజమానుల కంటపడకూడదు. అందుకని వాళ్ళకి వేరే మెట్లు, గోడల వెనక సన్నటి నడవాలు, అడుగు భాగంలోనో పక్కభాగంలోనో వంటశాల. రెండు లోకాలకీ మధ్య ఆకుపచ్చ ఉన్ని గుడ్డ మేకులతో కొట్టిన తలుపు ఉంటుంది. దాన్ని బేజ్ డోర్ అంటారు. ఆ గుడ్డ వంటింటి చప్పుడూ వాసనా ఇవతలికి రాకుండా ఆపుతుంది. ఇటుపక్క మనిషికి అటుపక్క ఎవరున్నారో తెలియకుండా ఉండేలా కట్టిన ఇల్లు అన్నమాట. దెయ్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే ఒక పటం గీసుకోండి. ఎ4 కాగితం అడ్డంగా పెట్టి, ఒకదాని కింద ఒకటి మూడు పొడుగాటి పెట్టెలు గియ్యండి. కింద పెట్టె కింది అంతస్తు, మధ్యది పడకగదులది, పైది పిల్లల గది, పనివాళ్ళ గదులు, అటక ఉండే చోటు. వీధి తలుపు కింది పెట్టె మధ్యలో పెట్టండి. గది పేరు కథలో వచ్చినప్పుడే పెట్టెలో రాయండి, ముందే ఊహించి నింపొద్దు. పెద్ద మెట్లకి నిండు గీత, పనివాళ్ళ మెట్లకి చుక్కల గీత. ఏదైనా వింత జరిగిన చోట చిన్న ఇంటూ గుర్తు, పక్కన పేజీ నంబరు.

ఆరేడు గుర్తులు పడ్డాక కాగితం దూరంగా పట్టుకు చూడండి. చాలా నవలల్లో అవి చుక్కల గీత చుట్టూనో పిల్లల గది చుట్టూనో మూగుతాయి. రచయిత ఇంకా నోరు విప్పకముందే మీకు ఒక సంగతి తెలిసిపోతుంది: తగువు ఇంటి పెద్దతోనా, వారసుడితోనా, చాకిరీ చేసినవాళ్ళతోనా అని.

పటం తప్పేది రెండుచోట్ల. బ్రిటిష్ పుస్తకంలో ఫస్ట్ ఫ్లోర్ అంటే మనకి లాగే పైఅంతస్తు, అమెరికా పుస్తకంలో అదే మాటకి నేల అంతస్తు అని అర్థం. రెండోది, కొన్ని ఇళ్ళు పటంలో ఇమడవు. హిల్ హౌస్‌లో ఏ మూలా సరిగ్గా మూల కాదని, ప్రతిచోటా కొద్దికొద్దిగా తేడా పెట్టి కట్టారని పుస్తకమే చెప్తుంది. అక్కడ పెన్సిల్ పారేసి, మీ తికమకనే పాత్రల తికమకగా తీసుకోండి.

వంటింట్లో మోగే ఆ గంటలు, గోడలోంచి మాట్లాడే గొట్టాలు ఏమిటి?

కరెంటు రాకముందు పనివాళ్ళని పిలిచే ఏర్పాటు. పడకగదిలో తాడో పిడో లాగితే దానికి కట్టిన రాగి తీగ గోడల్లోంచి, మూలల్లో తిరగడానికి పెట్టిన ఇనుప మోచేతుల మీదుగా వంటశాల దాకా వెళ్ళి అక్కడ ఒక గంటని కుదుపుతుంది. గంటలన్నీ వరసగా, ఒక్కోటి చుట్టచుట్టిన స్ప్రింగు మీద వేలాడుతూ ఉంటాయి, కింద గది పేరు రాసి ఉంటుంది. స్ప్రింగు ఎందుకంటే మోత ఆగాక కూడా గంట కాసేపు ఊగుతూ ఉంటుంది, పరిగెత్తుకొచ్చిన పనిమనిషి ఏ గది పిలిచిందో దాన్ని చూసి తెలుసుకోవాలి. నవలలో ఎవరూ లేని గది గంట ఊగుతూ కనపడిందంటే అర్థం అది: చప్పుడు వినలేదు, కానీ ఇప్పుడిప్పుడే ఎవరో పిలిచారు.

ఇది కల్పనే కానక్కర్లేదు. 1834లో ఇంగ్లండులోని సఫొక్ ప్రాంతంలో బీలింగ్స్ హౌస్ అనే ఇంట్లో ఫిబ్రవరి మొదట్లో గంటలు వాటంతటవే మోగడం మొదలై మార్చి చివరిదాకా సాగింది. ఆ ఇంటాయన మేజర్ ఎడ్వర్డ్ మూర్, ఈస్టిండియా కంపెనీలో పనిచేసి వెళ్ళినవాడు, మన దేవీదేవతల మీద 1810లో 'ద హిందూ పాంథియన్' రాసినాయనే. తీగలన్నీ పరీక్షించాడు, కారణం దొరకలేదు, 1841లో దాని మీద ఏకంగా పుస్తకం వేశాడు.

మాట్లాడే గొట్టం ఇంకా తరవాతిది. రెండు కొసల్లోనూ ఈల బిగించిన బిరడా ఉంటుంది. బిరడా తీసి ఇటునుంచి ఊదితే అటు ఈల మోగుతుంది, అవతలివాళ్ళు వాళ్ళ బిరడా తీసి చెవి ఆనిస్తారు. ఊదడానికి ఊపిరి ఉండాలని గుర్తుంచుకుంటే, ఖాళీ గది వైపునుంచి ఈల వచ్చినప్పుడు ఒళ్ళెందుకు జలదరిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ జమీందార్ల చేతిలో ఎప్పుడూ డబ్బుండదేం?

1894లో బ్రిటన్‌లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. ఆస్తిపరుడు చనిపోతే వారసుడు కట్టాల్సిన పన్ను అది. మొదట్లో పెద్ద ఆస్తుల మీద గరిష్ఠంగా 8 శాతం, 1949కి అది 80 శాతం. తండ్రి పోయి, యుద్ధంలో కొడుకూ పోతే కుటుంబం దాదాపు తుడిచిపెట్టుకుపోయేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం ఇళ్ళు స్వాధీనం చేసుకుని పాడుచేసి వదిలింది. చాకిరీకి వచ్చే ఆడపిల్లలు ఫ్యాక్టరీ జీతం రుచి చూశాక మళ్ళీ రాలేదు. ముప్ఫై మంది నడిపిన ఇంటిని ఒక్క పనిపిల్ల నడపలేదు కదా. గదులు ఒక్కోటీ మూతపడతాయి, మూసిన గదిలో చెమ్మ చేరుతుంది. 1950ల్లో ఇలాంటి బంగళాలు వందల్లో కూలగొట్టారు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ విధ్వంసం మీద ఒక ప్రదర్శనే పెట్టింది.

ఈ లెక్క తెలిస్తే 'ద లిటిల్ స్ట్రేంజర్' వేరే పుస్తకంలా కనిపిస్తుంది. కథ చెప్పే డాక్టరు అమ్మ ఒకప్పుడు ఆ కథ జరిగే బంగళాలోనే పిల్లల ఆయాగా చేసింది. చిన్నప్పుడు పండగరోజు ఆ ఇంట్లో అడుగుపెట్టిన కుర్రాడు, గోడ అంచున సున్నంతో చేసిన సింధూరఫలాల (ఓకు చెట్టు కాయల) వరసలోంచి ఒకటి చాకుతో పెకిలించి జేబులో వేసుకుంటాడు. ఇది మొదటి పేజీల్లోనే ఉంది. పుస్తకం సాగినంతసేపూ ఆ సున్నపు కాయ ఎవరి జేబులో ఉందో మరవకండి. ఇదే డాక్టరుకి 1948 జులైలో మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్యం తన పొట్ట కొడుతుందన్న బెంగ కూడా ఉంటుంది. ఆ బెంగ కథకి అడ్డు కాదు, కథలో భాగమే.

మన గడీలు, జమీందారీ దివాణాలు దాటి వెళ్ళినవాళ్ళకి ఈ ముక్క ఇంగ్లండు పాఠకుడికన్నా తొందరగా అందుతుంది.

చివరికి దెయ్యం ఉందో లేదో చెప్పలేదు. డబ్బులిచ్చి కొన్నందుకు ఇది మోసం కాదా?

అది ఒప్పందంలో భాగం. ఫ్రాన్సులో పనిచేసిన విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ 1970లో దీన్నే సూత్రంగా చెప్పాడు: జరిగింది ప్రకృతి నియమమా, దాన్ని దాటిందా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడినంతసేపే ఈ తరహా కథకి ప్రాణం. ఒకవైపు తేలిపోతే వేరే జాతి కథ అయిపోతుంది. 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ' లో పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్‌కి దెయ్యాలు నిజంగా కనపడ్డాయా, ఆమె భ్రమా అన్న తగువు 1934లో అమెరికా విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ వ్యాసంతో రాజుకుని ఇప్పటికీ ఆరలేదు.

అయినా 'ఏదైనా కావచ్చులే' అని వదిలెయ్యకండి. కాగితాన్ని రెండు వరసలు చెయ్యండి. ఒక్కో వింతకీ ఎడమవైపు మామూలు కారణం, కుడివైపు దెయ్యం చేసిందంటే ఎందుకు చేసినట్టో రాయండి. పది సంఘటనలు రాస్తే, మామూలు కారణం అతకనివి రెండో మూడో మిగులుతాయి. నవల అసలు మాట్లాడేది వాటి గురించే. కుడివైపు వరస మొత్తం నిండి, ఎడమవైపు ఒక్కటీ అతక్కపోతే అది ఊగిసలాట నవల కాదు, తిన్నటి దెయ్యం కథ. అప్పుడు దాన్ని అలాగే ఆస్వాదించండి.

ఎడమవైపు వరసలో ఏం రాయాలి? పాత ఇళ్ళలో నిజంగా చప్పుళ్ళు ఎందుకు వస్తాయి?

చలికాలం రాత్రి ఫైర్‌ప్లేస్ ఆరిపోయాక దూలాలు, నేల పలకలు చల్లబడి ముడుచుకుంటాయి, అది అడుగుల చప్పుడులా వరసగా వినపడుతుంది. పాత ఓకు దూలాల్లో ఉండే డెత్‌వాచ్ అనే పురుగు వసంతకాలంలో జత కోసం తల చెక్కకేసి కొడుతుంది. రాత్రంతా రోగి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్ళకే ఆ టకటక వినపడేది కాబట్టి చావుకి ముడిపెట్టారు. పైకీ కిందకీ జరిపే సాష్ కిటికీల చట్రంలో తాడుకి కట్టిన ఇనుప బరువు వేలాడుతూ ఉంటుంది. తాడు పుచ్చి తెగితే బరువు గోడలోపలే ధబ్బున పడుతుంది, గదిలో చూస్తే ఏమీ ఉండదు. డ్రై రాట్ అనే బూజు చెక్కని తినేస్తూ పుట్టగొడుగు వాసన, తుప్పురంగు పొడి వదులుతుంది.

1921లో అమెరికా కంటి డాక్టరు విలియం విల్మర్ ఒక కుటుంబం కథ వైద్యపత్రికలో అచ్చువేశాడు. పాత పెద్ద ఇంట్లోకి మారినప్పటినుంచి తలనొప్పులు, రాత్రుళ్ళు అడుగుల చప్పుడు, మంచం పక్కన ఎవరో నిలబడినట్టు కనపడటం. చివరికి తేలింది ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై పొగ గదుల్లోకి వస్తోందని. కార్బన్ మోనాక్సైడ్ విషం అది. ఇంకొకటి ఆకుపచ్చ గోడకాగితం. 1775లో తయారైన షీలేస్ గ్రీన్ అనే రంగులో ఆర్సెనిక్ అనే విషం ఉండేది. అలాంటి కాగితానికి చెమ్మ తగిలి బూజు పడితే వెల్లుల్లి వాసనగల ఆర్సెనిక్ వాయువు వస్తుందని 1890ల్లో ఇటలీ శాస్త్రవేత్త గోసియో చూపించాడు.

1998లో కవెంట్రీకి చెందిన ఇంజినీరు విక్ టాండీ, ఫ్యాను వల్ల పుట్టిన 19 హెర్ట్జ్‌ల దగ్గరి చెవికందని శబ్దం తన ల్యాబులో భయం, కంటి కొసన బూడిదరంగు ఆకారం కలిగించిందని రాశాడు. దీన్ని ఇంటర్నెట్ తలకెత్తుకుంది గానీ ఒప్పుకోని పరిశోధకులు ఉన్నారు, అన్ని దెయ్యాలకీ ఇదే మందు అనుకోవద్దు.

కథ చెప్పేవాడిని ఎంతవరకు నమ్మొచ్చు?

అతను డాక్టరో లాయరో అయితే ఇంకా తక్కువ నమ్మండి. ఆ వృత్తులు పెట్టేది మనల్ని నిమ్మళింపజెయ్యడానికే. పేజీ అంచున మూడు అక్షరాలు వేస్తూ వెళ్ళండి: అతను స్వయంగా చూస్తే 'చూ', ఎవరో చెప్పగా వింటే 'వి', ఊహించి చెప్తే 'ఊ'. సగం పుస్తకం దాటేసరికి, ఒళ్ళు గగుర్పొడిచే సంఘటనల్లో ఎన్ని 'వి' లో చూసి ఆశ్చర్యపోతారు. తను లేని గదిలో జరిగింది తను చూసినట్టే రెండు పేజీలు వర్ణిస్తే అక్కడ 'ఊ' కి రెండు గీతలు పెట్టండి.

ఇంగ్లీషు అంతంతమాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలా?

ప్రతి మాటకీ వెతికితే భయం చచ్చిపోతుంది. ఇంటికి సంబంధించిన మాటలు ఓ పదిహేను ముందే తెలుసుకుంటే సరిపోతుంది. స్కలరీ అంటే గిన్నెలు తోమే గది. వెయిన్‌స్కాట్ అంటే గోడ కింది భాగానికి బిగించిన చెక్క పలకలు, ఎలుకలు తిరిగేది దాని వెనకే. ల్యాండింగ్ అంటే మెట్లు మలుపు తిరిగే చోటి చదును. నర్సరీ అంటే మొక్కలది కాదు, పిల్లలు, ఆయా ఉండే గది. మిగతా విశేషణాలు అర్థం కాకపోయినా వాతావరణం అర్థమవుతుంది. ఈ-బుక్‌లో అయితే మాట మీద వేలుపెడితే అర్థం వస్తుంది, కానీ వెనక్కి తిప్పి చూసుకోవడం కష్టం, ఈ నవలల్లో వెనక్కి తిప్పడమే సగం పని. వీలైతే కాగితం పుస్తకమే మేలు.

ఆడియో రెండోసారికి బాగుంటుంది. హెన్రీ జేమ్స్‌కి మాత్రం మొదటిసారే వినండి, వాక్యం ఎక్కడ విరవాలో చదివేవాళ్ళే చూసుకుంటారు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పాఠం, లిబ్రివాక్స్ వెబ్‌సైట్‌లో ఆడియో రెండూ ఉచితమే.

ఎప్పుడు చదవాలి? అర్ధరాత్రేనా?

అర్ధరాత్రి వద్దు, నిద్రమత్తులో చిన్న గుర్తులు జారిపోతాయి. రాత్రి 8, 9 గంటలప్పుడు, ఒక్క దీపం కింద, ఫోను వేరే గదిలో పెట్టి, కూర్చుంటే 30 నుంచి 40 పేజీలు. రోజుకి ఐదేసి పేజీలు బస్సులో చదివితే ఏ గోథిక్ నవలా పనిచెయ్యదు. బిగువు పెరగడానికి కనీసం ముప్పావు గంట కావాలి. 500 పేజీల పుస్తకానికి రెండు మూడు వారాలు పెట్టుకోండి. మధ్యలో నాలుగు రోజులు విడిచిపెడితే ముందు పటం చూసుకుని, ఆ తరవాత చదవండి. ఇంగ్లండులో ఇవి క్రిస్మస్ రాత్రుల సరుకు. ఎం.ఆర్. జేమ్స్ అనే పండితుడు కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో తన దెయ్యం కథల్ని క్రిస్మస్ పూట స్నేహితులకి పైకి చదివి వినిపించేవాడు. మనకి మే నెల ఎండలో మంచు గాలి వర్ణన అతకదు. వానాకాలం గానీ ధనుర్మాసం గానీ చూసుకోండి.

నాకు అసలు భయమే వెయ్యలేదు.

వెయ్యాలని రూలేమీ లేదు. సినిమాల్లో ఉలిక్కిపడటానికి అలవాటుపడినవాళ్ళు దాని కోసమే కాచుకుంటారు, పుస్తకం ఆ పని చెయ్యలేదు. ఆన్ రాడ్‌క్లిఫ్ అనే తొలితరం గోథిక్ రచయిత్రి భయాన్ని రెండుగా విడదీసింది: ఏదో రాబోతోందన్న బెదురు మనసుని విప్పారుస్తుంది, ఎదుట పడ్డ బీభత్సం దాన్ని గడ్డకట్టిస్తుంది. ఈ నవలలు మొదటిదాని మీదే బతుకుతాయి. పుస్తకం మూసిన మర్నాడు బీరువా తలుపు కొద్దిగా తెరిచి ఉంటే రెండోసారి చూశారా? అయితే పనిచేసినట్టే.

భయం మరీ ఎక్కువైతే పగటిపూట చదవండి, అధ్యాయం మధ్యలో ఆపకండి. చివర్న ఒక మెలిక పెట్టి ఆపే అధ్యాయాలైతే తరవాతి అధ్యాయం మొదటి రెండు పేజీలు చదివి పడుకోండి, అక్కడ సాధారణంగా తెల్లవారి ఉంటుంది.

సినిమా ముందు చూడొచ్చా?

కొన్నిటికి చూడొచ్చు, అవి వేరే కథలు కాబట్టి. 2018లో వచ్చిన హిల్ హౌస్ సిరీస్ పుస్తకంలోంచి ఇల్లు, కొన్ని పేర్లు తీసుకుని కుటుంబ కథగా మార్చేసింది. పుస్తకంలో ఉన్నది ఒక పరిశోధకుడు పిలిచిన అపరిచితులు. అదే నవలకి 1963లో రాబర్ట్ వైజ్ తీసిన నలుపు తెలుపు సినిమా పుస్తకానికి చాలా దగ్గర, దాన్ని తరవాతే చూడాలి. 'ద ఉమన్ ఇన్ బ్లాక్' 2012 సినిమా ముగింపు మార్చారు, ఏది ముందైనా నష్టం లేదు. దాని నాటకం ఇద్దరే నటులతో లండన్‌లో 1989 నుంచి 2023 దాకా ఆడింది. 'ద లిటిల్ స్ట్రేంజర్' సినిమా మాత్రం ముందు చూడొద్దు. పుస్తకం 500 పేజీలు దాచిన దానికి తెర మీద ఒక ముఖం పెట్టక తప్పదు.

రెండోసారి చదివితే ఏమైనా మిగులుతుందా?

కొన్నిటికి రెండోసారే అసలు చదువు. మొత్తం అక్కర్లేదు. ముగించిన వెంటనే మొదటి అధ్యాయం, ఆ తరవాత మీ పటంలో ఇంటూ గుర్తులున్న పేజీలు చదవండి, గంటన్నర చాలు. మొదటిసారి మర్యాదగా కనిపించిన వాక్యాలు ఈసారి ఎలా వినపడుతున్నాయో చూసుకోండి.

పిల్లలకి ఇవ్వొచ్చా?

ఈ నవలల్లో పిల్లల చావు మామూలు విషయం, వాళ్ళ గదే భయానికి కేంద్రం. పదిహేనేళ్ళ లోపు వద్దంటాం. ఆ పైవాళ్ళకి 'ద ఉమన్ ఇన్ బ్లాక్' ఇచ్చి, చివరి అధ్యాయం రాత్రి కాకుండా ఆదివారం మధ్యాహ్నం చదవమనండి.